మట్టిపూత నెర్రెలు ఆగాయి: నా అనుభవం

దర్శి దగ్గర మా మట్టిగోడలకు పూత ఆరగానే నెర్రెలిచ్చి పెచ్చులూడేది. సిమెంటు పాలు, పేడ అలుకు, ఇంకాస్త మందంగా మెత్తడం అన్నీ అయ్యాయి, దండగ.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. దాన్ని వదిలేసి ఎర్రమట్టి తెచ్చి జల్లించాం. ఒక పాలు మట్టికి ఒకటి, రెండు, మూడు పాళ్ల ఇసుక కలిపి గోడమీదే జానెడేసి మేర పూసి ఆరనిచ్చాం. మొదటిది నెర్రెలిచ్చింది. మూడోది వేలితో రుద్దితే రాలింది. రెండు పాళ్లది నిలిచింది. అందులో బెత్తెడు ముక్కల వరిగడ్డి వేసి తొక్కి, పుల్లవాసన వచ్చేదాకా తడిగోనె కప్పి ఊరబెట్టాం. పాత పూత గీకి, గాట్లు పెట్టి, గోడ బాగా తడిపాకే వేలి మందాన మెత్తాం. ఆ తడపడమే అసలు కీలకమేమో!

మీ మట్టికి ఇవే పాళ్లు కుదరకపోవచ్చు, ముందు ముక్కలు పూసి చూసుకోండి. జల్లు కొట్టే తూర్పుగోడ సంగతి తుపాన్లు పోతేగానీ చెప్పలేను.