కల్పిత పాత్ర బాల్యాన్ని, ఇంటి గుట్టును చదవడం ఎలా: కర్ణుడి నుంచి కుంతి దాకా

కథలో ఒక మనిషి చిన్న మాటకే మండిపడతాడు, లేదా అందరూ ఏడ్చే చోట రాయిలా కూర్చుంటాడు. చదువుతున్న మనం వెంటనే "ఇతనికి చిన్నప్పుడు ఏదో జరిగి ఉంటుంది" అనుకుంటాం. ఈ ఊహ సహజమైనదే, చాలాసార్లు సరైనది కూడా. అయితే దానిని రచనలోని మాటలతో సరిచూసుకోవడం ఎలాగో మనకు ఎవరూ నేర్పరు. అందువల్ల పాత్ర గతం గురించి మనం చెప్పే మాటల్లో సగం రచయితవి, సగం మనవి అయిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా పోతుంది.

కావలిలో మేము పదిమందిమి నెలకొకసారి కూర్చుని భారతం చదువుకుంటాం. అక్కడ తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు కర్ణుణ్ణి ఎంచుకోవడానికి కారణం ఉంది. కుంతి తన కన్నబిడ్డ కర్ణుణ్ణి పెట్టెలో పెట్టి ఏటిలో వదిలిన కథను సవిస్తరంగా చెప్పినవాడు, అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన. ఆయన అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. ఆ గుట్టు బయటపడే ఘట్టాలు, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు రచించిన మన నెల్లూరు తిక్కన చేతిలో పడ్డాయి. ఒకే రహస్యాన్ని దాచిన చోటు ఒకరిది, విప్పిన చోటు ఇంకొకరిది కావడం మా ప్రాంతపు పాఠకులకు దక్కిన భాగ్యమని నేను నమ్ముతాను. కింద చెప్పే వివరాలకు మాత్రం వ్యాసుడి సంస్కృత మూలాన్నే ఆధారం చేసుకున్నాను. మన కవులు ఎక్కడ కుదించారో, ఎక్కడ పెంచారో పక్కన పెట్టుకుని చూడడం మంచి అభ్యాసం.

ముందుగా నా తప్పు చెబుతాను. నన్ను మా పెద్దమ్మ పెంచింది. కన్నవాళ్లు ఉండగానే వేరే ఇంట్లో పెరిగే పిల్లవాణ్ణి, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ "నువ్వు ఎవరి కొడుకువి?" అని అడుగుతారు. ఇరవై ఏళ్ల వయసులో ఒంగోలులో చదువుకుంటూ కర్ణుడి మీద ఒక వ్యాసం రాశాను. పెంచిన తల్లి రాధ ఇంట్లో కర్ణుడు పరాయివాడిలా పెరిగాడనీ, అన్నం దగ్గర కూడా తేడా చూపించారనీ, ఆ బాధే అతణ్ణి దుర్యోధనుడి దగ్గరికి చేర్చిందనీ ఎంతో నమ్మకంగా రాశాను. మా మాస్టారు ఆ పేజీ మీద వేలు పెట్టి, "అబ్బయ్యా, ఇది భారతంలో ఎక్కడుందో చూపించు" అన్నారు. రెండు రోజులు వెతికాను, దొరకలేదు. ఆ వాక్యాలన్నీ మా ఇంటివి.

ఆనాటి నుంచి నేను పాటిస్తున్న మొదటి పని ఇది. పాత్ర గురించి ఏదైనా అనుకునే ముందు, మనసును పట్టుకున్న ఒక సన్నివేశాన్ని ఎంచుకుని, అందులో కంటికి కనిపించేవి, చెవికి వినిపించేవి మాత్రమే కాగితం మీద రాసుకోవాలి. "బాధపడ్డాడు", "అవమానంతో కుంగిపోయాడు" వంటి మాటలు రచనలో ఉంటే తప్ప రాయకూడదు. రాసుకున్న తరువాత మూడు రకాల గుర్తులు పెట్టుకోవాలి. రచన నేరుగా చెప్పిన దానికి సిరాతో గీత, రచన సూచించిన దానికి పెన్సిలు గీత, మనం చేర్చుకున్న దానికి చుట్టూ సున్నా. ఈ మూడో గుర్తు పెట్టేటప్పుడు మొహమాటం పనికిరాదు.

హస్తినలో రాజకుమారులు విద్యలు ప్రదర్శించే రంగస్థలాన్ని తీసుకుందాం. కర్ణుడు అర్జునుడికి ఎదురు నిలిచినప్పుడు కుంతి మూర్ఛపోతుంది. విదురుడు చందనపు నీళ్లతో ఆమెను తేరుస్తాడు. కృపుడు కులం అడిగితే కర్ణుడి ముఖం వాన నీళ్లకు తడిసి వాలిన తామరలా వంగిపోతుంది. దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యానికి అభిషేకం చేస్తాడు. అంతలో కర్ణుణ్ణి పెంచిన తండ్రి అధిరథుడు, ఉత్తరీయం జారిపోతూ, చెమటలు కారుతూ, వణుకుతూ, చేతికర్రే ప్రాణంగా లోపలికి వస్తాడు. కర్ణుడు విల్లు వదిలేసి, ఇంకా ఆరని తలతో ఆయనకు మొక్కుతాడు. ఆ ముసలివాడు కంగారుగా తన పాదాలను చెంగుతో కప్పుకుని, "కొడుకా" అని పిలిచి, కౌగిలించుకుని, అభిషేకంతో తడిసిన ఆ తలను కన్నీళ్లతో మళ్లీ తడుపుతాడు. సూతపుత్రుడివి, కొరడా పట్టుకో పొమ్మని భీముడు ఎగతాళి చేస్తే, కర్ణుడు పెదవి అదురుతుండగా నిట్టూర్చి ఆకాశంలోని సూర్యుడి వైపు చూస్తాడు.

ఇప్పుడు గుర్తులు పెట్టండి. ముఖం వంగడానికి సిరా గీత. కన్నవాళ్లు ఎవరో తెలియని సిగ్గు అతణ్ణి జీవితమంతా కాల్చిందనడానికి పెన్సిలు గీత. తన ఇంటివాళ్లను చూసి సిగ్గుపడ్డాడని ఎవరైనా అంటే అది నిలవదు. వేలమంది చూస్తుండగా, రాజైన క్షణంలోనే, రథం తోలుకునే తండ్రికి అతను తల వంచాడు. అధిరథుడు పాదాలు కప్పుకోవడం రాజైన కొడుకు ముందు సంకోచమా, ఈ బిడ్డ తనకు పుట్టినవాడు కాడన్న ఎరుకా? ఇది పెన్సిలుతో రాసి వదలవలసిన ప్రశ్న. సూర్యుడి వైపు చూపు ఇంకా చిత్రమైనది. అక్కడున్నది తండ్రి అని మనకు తెలుసు. అతనికి అప్పటికి తెలుసునని ఆ సన్నివేశం చెప్పదు. పాఠకుడి ఎరుకను పాత్రకు అంటగట్టకుండా ఉండడం ఈ చదువులో అన్నిటికంటె కష్టమైన సంగతి.

గతపు గాయాన్ని సూచించే ఆనవాళ్లు ఎలా ఉంటాయని మా చదువరులు తరచూ అడుగుతారు. కారణానికి మించిన స్పందన, సందర్భాలు మారినా మళ్లీ మళ్లీ వచ్చే అదే పట్టుదల, అందరికీ తెలిసినా ఎవరూ ఎత్తని మాట, శరీరం తనంతట తాను చేసే పని, ఇవి నేను చూసేవి. ఒక ఆనవాలు ఒక్కసారే కనిపిస్తే దానిని అలవాటుగానే భావించాలి. అన్నం తింటుండగా వెనక ఎవరైనా నిలబడితే లేచిపోయే మనిషి కథలో ఉన్నాడనుకుందాం. ఒకసారి లేచిపోతే విసుగు కావచ్చు. పెళ్లి పంక్తిలో, ఆసుపత్రి వరండాలో, సొంత కూతురు వడ్డిస్తున్నప్పుడు కూడా లేచిపోతే రచయిత మన చేతికి ఒక కొస అందిస్తున్నాడని అర్థం.

ఆనవాలు దొరికినంత మాత్రాన అది మనసుకు సంబంధించినదే కానక్కరలేదు. కథా సంప్రదాయం కూడా కావచ్చు. మనోవిశ్లేషకుడు ఒట్టో రాంక్ 1909లో వీరుల జన్మగాథల మీద రాసిన పుస్తకంలో అక్కాడ్ రాజు సార్గోన్, యూదుల ప్రవక్త మోషే మొదలైనవారి సరసన కర్ణుణ్ణి కూడా చేర్చాడు. బిడ్డను వదిలేయడం, నీరు, పెట్టె, తక్కువ స్థితిలోని వాళ్లు పెంచడం చాలా జాతుల కథల్లో ఉన్నాయి. కనుక పెట్టె ఒక్కటే కర్ణుడి మనసుకు సాక్ష్యం కాదు. ఆ సంప్రదాయాన్ని ఈ రచన మాత్రమే ఎక్కడ మలుపు తిప్పిందో అక్కడ ఆగాలి. సాధారణంగా అలాంటి వీరుడు పుట్టింటిని తిరిగి పొందుతాడు. కర్ణుడు దానిని చేతికిస్తామన్నా తీసుకోలేదు.

అందుకే తరువాతి పనిగా, మన ఊహను పడగొట్టగల సాక్ష్యాన్ని మనమే వెతకాలి. కర్ణుడి విషయంలో అది ఉద్యోగపర్వంలో, కృష్ణుడు అతణ్ణి రథం మీద ఎక్కించుకుని జన్మరహస్యం చెప్పే చోట ఉంది. తనను చూడగానే రాధకు పాలు వచ్చాయనీ, తన మలమూత్రాలు ఎత్తిందనీ, అలాంటి తల్లికి పిండం లేకుండా ఎలా చేయగలననీ అతను బదులు చెబుతాడు. ఇరవై ఏళ్లప్పుడు నేను చదవని పుట ఇదే. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదని కర్ణుడే చెబుతుంటే, అతని బాల్యంలో క్రూరత్వాన్ని వెతకడం ఆ తల్లికి అన్యాయం. అతనికి దెబ్బ తగిలింది ఇంట్లో కాదు, వీధిలో. బిడ్డగా ఉన్నప్పుడు కాదు, నలుగురిలో నిలబడినప్పుడు. గంగ ఒడ్డున కుంతి ఎదురుపడితే, రాధేయుణ్ణి, అధిరథుడి కొడుకును, కర్ణుణ్ణి నమస్కరిస్తున్నానంటాడు. నువ్వు కౌంతేయుడివి, రాధేయుడివి కాదని ఆమె అంటుంది. అప్పటికే కృష్ణుడి ద్వారా అంతా విన్నవాడు ఆ పేరుతోనే పలకరించడాన్ని గమనించండి.

మా ప్రాంతంలో చాలామందికి కర్ణుడు మొదట తిరునాళ్ల నాటకాలలో, తెర మీద పరిచయమయ్యాడు. ఆ నటుల గొంతు, ఆ కన్నీళ్లు మన చెవిలో మిగిలి ఉంటాయి. వాటిని చులకన చేయవలసిన పనిలేదు గాని, సున్నా చుట్టవలసినవాటిలో చాలా భాగం అక్కడి నుంచే వస్తాయి.

ఇక ఇంటి గుట్టు సంగతి. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని మన పెద్దలు దాచడాన్నే నేర్పారు కనుక, మన కథల్లో గుట్టు ఎప్పుడూ ఎవరో ఒకరి కడుపులో ఉంటుంది. పాఠకులు సాధారణంగా గుట్టు ఎవరి గురించో ఆ మనిషినే చూస్తారు. దాచినవారిని చూడండి. ఎవరికి తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు, నోరు విప్పగలిగి ఉండీ విప్పని సందర్భాలు ఏవి, చివరికి ఎవరి అవసరం కోసం విప్పారు అన్న నాలుగు ప్రశ్నలకు పుటల సంఖ్యతో సహా జవాబులు రాసుకోండి.

కుంతికి ఈ జవాబులు రాస్తున్న రోజున మా బృందంలో ఒక గృహిణి, అంతవరకు మాట్లాడనివారు, "ఆమెను కూడా ఎవరికో ఇచ్చేశారు కదండీ" అన్నారు. అందరం పుస్తకం తిరగేశాం. శూరుడు తన కూతురు పృథను, అంటే కుంతిని, సంతానం లేని కుంతిభోజుడికి ఇచ్చాడని మాకు తెలుసు. దానిని వంశవృక్షంలోని వివరంగా చదివి దాటేశాం. ఉద్యోగపర్వంలో, కృష్ణుడు హస్తినకు వచ్చినప్పుడు, కుంతి ఆ మాటను తన నోటితో చెప్పుకుంటుంది. నన్ను నేను నిందించుకోను, సుయోధనుణ్ణీ నిందించను, నా తండ్రినే నిందిస్తాను. బంతి చేతిలో పట్టుకుని ఆడుకుంటున్న పసిదాన్ని, ధనం ఇచ్చేసినట్టు కుంతిభోజుడికి ఇచ్చేశాడు అంటుంది. కొడుకులు పదమూడేళ్లు అరణ్య, అజ్ఞాతవాసాల పాలైన తరువాత, యుద్ధం ముంగిట, ఆ ముసలితల్లికి గుర్తొచ్చింది బంతి.

ఆమె కర్ణుడి దగ్గరికి వెళ్లేది ఈ మాట అన్న తరువాతే. ఒకే పర్వంలో, తనను ఇచ్చేసిన తండ్రి మీద ఫిర్యాదు, తాను వదిలేసిన కొడుకు ఎదుట నిలబడడం రెండూ ఉన్నాయి. మేము కర్ణుడిలో ఇన్నాళ్లూ వెతికిన చిన్ననాటి గాయం కుంతిలో సిరా గీతకు నిలిచే మాటగా ఉంది. ఈ రెంటికీ ముడి ఉందని వ్యాసుడు ఎక్కడా అనలేదు. ఆ ముడి పెన్సిలుది. అయినా దానిని నేను గట్టిగానే గీస్తాను.

ఎంత దూరం ఊహించవచ్చన్న దానికి ఒక హద్దు ఉంది. 1933లో ఆంగ్ల విమర్శకుడు ఎల్. సి. నైట్స్, షేక్‌స్పియర్ నాటకంలోని పాత్ర పేరుతో "లేడీ మాక్‌బెత్‌కు పిల్లలు ఎంతమంది?" అనే శీర్షికతో ఒక వ్యాసం ప్రచురించి, నాటక పాత్రలను నిజం మనుషులుగా భావించి వారికి జీవితచరిత్రలు కట్టే విమర్శను తప్పుపట్టాడు. ఆ హెచ్చరికను నేను గౌరవిస్తాను, పూర్తిగా ఒప్పుకోను. పాత్రకు రచన బయట బాల్యం లేదన్నది నిజం. కాని రచన లోపలే బంతి పట్టుకున్న పిల్లను చూపించినప్పుడు, దానిని పట్టించుకోకపోవడం కూడా తప్పుడు చదువే. ఊహను తీసేసి చదివినా సన్నివేశం పూర్తిగా అర్థమైతే ఆ ఊహను వదులుకోండి. ఊహ లేకపోతే ఏదో ఒక పని అర్థం కాకుండా మిగిలిపోతే, దానిని ఉంచుకోండి.

గాయం కనిపించగానే తప్పును మాఫీ చేయకూడదు. ద్రౌపదిని సభకు ఈడ్చిన రోజున ఆమెను బంధకి, అంటే కులట, అన్నవాడు, వస్త్రాలు తీయమన్నవాడు కర్ణుడే. నిండు సభలో పుట్టుకను అడిగించుకుని తల వంచినవాడు, నిండు సభలో ఒక స్త్రీ శీలాన్ని వేలెత్తి చూపాడు. పోలిక చూడండి, రాసుకోండి. దానితో ద్రౌపదికి జరిగింది తగ్గదు. పాండవుల మీద తాను అన్న పరుష వాక్యాలకు ఇప్పుడు తపిస్తున్నానని కర్ణుడే కృష్ణుడితో అంటాడు. పాత్రే తీసుకోని మినహాయింపును మనం ఇవ్వనక్కరలేదు.

బృందంగా చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటి పాత్రల మీద మాట్లాడుతుండగా ఎవరైనా తమ ఇంటి సంగతి చెప్పడం మొదలుపెడితే పుస్తకం మూసి వినాలి. అది పాత్రకు సాక్ష్యమా కాదా అన్న చర్చ ఆ పూటకు వద్దు.

చివరిగా, తేల్చినది రాసేటప్పుడు క్రియల మీద దృష్టి పెట్టండి. సిరా గీత ఉన్నదానికి "అన్నాడు, చేశాడు, ఉంది" అని రాయండి. పెన్సిలుదానికి "అని తోస్తుంది, అనడానికి ఆస్కారం ఉంది" అని రాసి, ఏ రెండు చోట్ల పోలిక వల్ల అలా తోచిందో చెప్పండి. సున్నా చుట్టినవాటిని వ్యాసంలోకి తేవద్దు, చింపి పారేయనూ వద్దు; వేరే నోటుబుక్కులో తేదీ వేసి ఉంచండి. నా దానిలో మొదటి పేజీ రాధ ఇంట్లో అన్నం దగ్గర చూపిన తేడా గురించి, ఆ కింద మా పెద్దమ్మ పేరు.