చెత్త సేకరణలో నడుము నొప్పి, నీరసం: నా అనుభవం

చెత్త సేకరణ పనిలో చేరిన కొన్నాళ్లకే నాకు నడుము పట్టేయడం, మధ్యాహ్నానికి కాళ్లు పీకడం మొదలైంది. తడిచెత్త డబ్బాను ఎత్తి, పాదాలు కదపకుండా నడుమును మాత్రమే తిప్పి బండిలోకి కుమ్మరిస్తుండగా ఒకరోజు కుడివైపు కలుక్కుమనడంతో కారణం అర్థమైంది. బరువుకు మెలిక తోడైతే వెన్నుపూసల మధ్య డిస్కులపై ఒత్తిడి బాగా పెరుగుతుంది. అప్పటినుంచి డబ్బాను ఒంటికి ఆనించి, మోకాళ్లు వంచి లేపి, పాదాలతో సహా తిరుగుతున్నాను. అనుకూలమైన భంగిమలో కూడా 23 కిలోలకు మించి ఒక్కరే ఎత్తకూడదన్నది నిపుణుల ప్రమాణం కనుక, బరువైన డబ్బాలను ఇద్దరం పట్టుకుంటున్నాం. ఎండలో దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి గ్లాసెడు నీళ్లు తాగడంతో నీరసం తగ్గింది. నడుము నొప్పి పోవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. మరుగుదొడ్డి దొరకదని నీళ్లు మానేసే తోటి కార్మికురాళ్ల బాధ ఇంకా తీరలేదు. దాన్ని యాజమాన్యమే తీర్చాలి.