కుట్టు కనపడేలా: ప్రచారాన్ని కథగా, పోస్టర్‌గా మలిచే పద్ధతి

ప్రచారాన్ని ఇతివృత్తంగా తీసుకున్న కథల్లో ఎక్కువగా కనిపించే లోపం ఒకటే. కథలోని ప్రచారం చిన్నపిల్లలు కూడా నమ్మనంత నాసిరకంగా ఉంటుంది. గోడ మీద నినాదం చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది. నమ్మే పాత్రలన్నీ తెలివితక్కువవాళ్లు, కథానాయకుడికి మాత్రమే కళ్లున్నాయి. పాఠకుడు నిశ్చింతగా వెళ్లి ఆ కథానాయకుడి పక్కన కూర్చుంటాడు. అక్కడితో పని చెడినట్టే. మీరు రాసే నినాదం ముందు మిమ్మల్ని పట్టుకోవాలి. పాఠకుడు ఒక పేజీసేపైనా దాన్ని నమ్మాలి, నమ్మిన సంగతి తర్వాత తనంతట తనే గుర్తుపట్టాలి. అలా గుర్తుపట్టించే చోటునే ఇక్కడ ‘కుట్టు’ అంటున్నాం. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క ఫలితం కోసమే.

ముందు లోటు, తర్వాతే అబద్ధం

ప్రచారం గాలిలోంచి పుట్టదు. జనంలో అప్పటికే ఉన్న భయాన్నో, అవమానాన్నో, అలసటనో పట్టుకుని పెరుగుతుంది. రాయడానికి కూర్చునే ముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు తేల్చుకోండి. మీ కథాలోకంలో జనానికి నిజంగా ఉన్న కష్టం ఏమిటి? ప్రచారం ఆ నింద ఎవరి మీద వేస్తోంది? నమ్మినవాడికి అప్పటికప్పుడు దక్కేది ఏమిటి: గౌరవమా, తోడా, తప్పు తనది కాదన్న ఊరటా? బదులుగా అతన్ని ఏం చేయమంటోంది? ఈ నాలుగో ప్రశ్న దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ప్రచారం మొదటిరోజే ప్రాణాలు అడగదు. ఒక బ్యాడ్జి పెట్టుకోమంటుంది. ఒక పేరు చెప్పమంటుంది. పక్కింటి తలుపు కొట్టినప్పుడు లేవకుండా ఉండమంటుంది.

1937లో న్యూయార్క్‌లో మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్రాపగాండా అనాలిసిస్ ప్రచార పద్ధతులను ఏడుగా విడదీసింది. ఎదుటివాడికి చెడ్డపేరు అంటించడం, ఎవరూ కాదనలేని మెరుపుమాటలు వాడటం, ఒకదాని గౌరవాన్ని ఇంకొకదానికి పూయడం, పేరున్నవాళ్ల చేత సాక్ష్యం చెప్పించడం, ‘నేనూ మీలో ఒకణ్ణే’ అనడం, పనికొచ్చే ముక్కలనే ఏరి పేర్చడం, ‘అందరూ ఇటే వస్తున్నారు’ అనడం. ఏడూ ఒకే పోస్టర్‌లో కుక్కితే వెక్కిరింపులా తయారవుతుంది. ఒక రచనకు రెండు చాలు. రచయితకు అన్నిటికంటే విలువైనది ఏరి పేర్చడం. అందులో ప్రతి వాక్యమూ నిజమే ఉంటుంది, వదిలేసిన వాక్యంలోనే అసలు కథ ఉంటుంది.

తెలుగు వ్యాకరణం చేతికిచ్చే రెండు పనిముట్లు

మొదటిది ‘మనం’, ‘మేము’ తేడా. ప్రచారం ఎప్పుడూ ‘మనం’ అంటుంది, వినేవాణ్ణి లోపలికి లాక్కుంటుంది. అదే గొంతు ఏదో ఒకరోజు ‘మేము’ అన్నదంటే వినేవాడు బయట నిలబడ్డట్టే. రెండోది కర్తను మాయం చేసే క్రియ. ‘కాల్చారు’ అంటే ఎవరు అన్న ప్రశ్న వస్తుంది, ‘కాల్పులు జరిగాయి’ అంటే రాదు. ‘నీళ్లు ఆపారు’ అనడానికీ ‘సరఫరా నిలిచిపోయింది’ అనడానికీ మధ్య ఒక మనిషి తప్పించుకుని పోతాడు.

ఈ రెండూ ఎలా పనిచేస్తాయో ఒక నినాదం మీద చూద్దాం. కథలో ఒక పట్టణం ఉంది, నీటి కొరత ఉంది. నీళ్లను పాలకులు ఒక కర్మాగారానికి మళ్లించారు, జనానికి ఆ సంగతి తెలియదు. నీటిశాఖ గోడపత్రిక అతికించాలి.

మొదటి ముసాయిదా: ‘నీళ్లు దాచేవాడు ద్రోహి!’ ఇది పనికిరాదు. బెదిరింపు వినగానే పాఠకుడు జాగ్రత్తపడతాడు.

రెండోది: ‘ప్రతి చుక్కా విలువైనదే.’ అబద్ధం కాదు, కానీ ఎవరినీ కదిలించదు.

మూడోది: ‘ఈ రాత్రి మనం ఒక బకెట్ తక్కువ వాడదాం. ఆ నీళ్లు ఆసుపత్రిలో పసివాళ్లకు చేరతాయి.’

ఇది ఉంచండి. అడిగింది చిన్నది, ‘మనం’ ఉంది, కళ్ల ముందు ఒక దృశ్యం ఉంది, కాదన్నవాడికి సిగ్గు కూడా ఉంది. ఆ నీళ్లు ఆసుపత్రికి చేరడం లేదని కథలో ఎక్కడా చెప్పకండి. ఎనిమిది పేజీల తర్వాత ఒక పాత్రను ఆసుపత్రికి పంపండి. అక్కడ తడిగుడ్డతో బిడ్డ పెదాలు తుడుస్తున్న తల్లిని చూపించి, మాట్లాడకుండా వెనక్కి తీసుకురండి. ఆ తర్వాత రెండో పత్రిక వస్తుంది: ‘ఆదా చేసిన ఇళ్లకు మేము కృతజ్ఞులం. చేయని ఇళ్ల వివరాలు మాకు అందుతున్నాయి.’ ‘మనం’ పోయి ‘మేము’ వచ్చింది. ‘అందుతున్నాయి’కి ఇచ్చేవాడు కనపడడు, కానీ చదివినవాడు పక్కింటి కిటికీ వైపు చూస్తాడు. కుట్టు అక్కడ కనపడుతుంది. పక్కన వివరణ పెట్టారో, పోయినట్టే.

ఆ నినాదాన్ని ఎన్నిసార్లు వాడాలి? మూడువేల మాటల కథలో నాలుగుసార్లు సరిపోతుంది, ఆరు దాటితే విసుగు పుడుతుంది. అయితే ప్రతిసారీ నోరు మారాలి. మొదట గోడ మీద, తర్వాత ఆటలో ఒక పిల్ల నోట, తర్వాత భార్యాభర్తల గొడవలో ఒకరు రెండోవారి నోరు మూయించడానికి, చివరిగా నమ్మనన్న పాత్ర తనకు తెలియకుండానే. జనం నోట్లో నానడం అంటే ఇదే. పదే పదే విన్నమాట నిజమనిపిస్తుందని 1977లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగంతో చూపించారు. ‘అబద్ధాన్ని పదేపదే చెబితే నిజమవుతుంది’ అన్న మాటను మనం హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కు అంటగడతాం. ఆయన అలా అన్నట్టు నమ్మదగిన ఆధారం ఏదీ లేదు. వాడుకలో నలిగి నలిగి ఆ మాటే ఆయనదైపోయింది. ఒక మంచి కథకు ఇదొక్కటే బీజం.

ఇంకొక సంగతి, ప్రచారం రాసేవాడు రాక్షసుడు కానక్కర్లేదు. గడువుతో, పై అధికారి ఎర్రసిరా దిద్దుబాట్లతో, జీతంతో కుస్తీ పడే గుమాస్తా అయితే కథ నిలబడుతుంది. ఒకే గోడపత్రికకు ఐదు ముసాయిదాలు, వాటి అంచుల్లో అధికారి రాతలు. కథంతా ఈ రూపంలోనే నడపవచ్చు.

బొమ్మ విషయానికొస్తే

1917లో జేమ్స్ మాంట్గొమరీ ఫ్లాగ్ గీసిన అమెరికా సైనిక పోస్టర్‌లో వేలు చూపించే అంకుల్ శామ్ అందరికీ తెలుసు. దానికి మూలం 1914లో ఆల్ఫ్రెడ్ లీట్ గీసిన బ్రిటిష్ యుద్ధమంత్రి కిచెనర్ బొమ్మ. రెండింటి బలమూ ఒక్కచోటే ఉంది: కళ్లు, వేలు సూటిగా చూసేవాడి మీదకే వస్తాయి. ఇలాంటి బొమ్మను తిరగేయాలంటే ఒక్క అంశమే మార్చండి. చూపును పక్కకు తిప్పితే చాలు, ఆజ్ఞ కాస్తా బెదురుగా మారుతుంది. టోపీ, గడ్డం, రంగు, మాట అన్నీ మారిస్తే మూలం గుర్తురాదు, దెబ్బ తగలదు.

ఫోటోలు కత్తిరించి అతికేవారికి జాన్ హార్ట్‌ఫీల్డ్ పని మంచి బడి. 1930 నుంచి 1938 దాకా ఆయన ఒక జర్మన్ సచిత్ర పత్రికకు హిట్లర్‌కు వ్యతిరేకంగా ఇలాంటి బొమ్మలు చేశారు. అవసరమైతే కావలసిన ఫోటోను ప్రత్యేకంగా తీయించేవారు. మీరూ అంతే చేయండి. అన్ని ముక్కల్లో వెలుగు ఒకే వైపు నుంచి పడుతోందా, నీడల గాఢత కలుస్తోందా, గరుకుదనం ఒకేలా ఉందా చూడండి. నెట్‌లో దొరికిన ముక్కలు అతకకపోవడానికి ఎక్కువసార్లు ఈ మూడే కారణం.

చెరిపేయడం కూడా ఒక పద్ధతి. మాస్కో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నడుస్తున్న సోవియట్ రహస్య పోలీసుల అధిపతి యెజోవ్‌ను, 1940లో అతనికి మరణశిక్ష అమలయ్యాక, ఫోటోలోంచి తీసేసి అక్కడ నీళ్లు గీశారు. సాధనగా ఒక గుంపు బొమ్మ గీసి ఒకరిని తీసేయండి. అయితే పక్కమనిషి భుజం మీద అతని చెయ్యి మాత్రం ఉంచండి.

స్టెన్సిల్‌తో అచ్చు

1919లో రష్యాలో మొదలైన టెలిగ్రాఫ్ ఏజెన్సీ కిటికీ పోస్టర్లకు కవి మయకోవ్‌స్కీ, ఆయన తోటివారు వాడింది స్టెన్సిలే, అంటే అక్షరాలు, బొమ్మ కోసి తీసిన అట్ట మీదుగా రంగు వేయడమే. ఖర్చు తక్కువ, రాత్రికి రాత్రి డజన్ల కొద్దీ తీయవచ్చు. తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది. సున్న, ‘ర’, ‘ఠ’ లాంటి వాటిలో లోపలి గుండ్రం ఊడి పడిపోతుంది. ప్రతి గుండ్రానికీ రెండు సన్నటి పట్టీలు ఎదురెదురుగా వదలండి. ఏ3 కాగితం మీద పట్టీ 3 మి.మీ.కు తగ్గితే రెండో ప్రతికే తెగుతుంది. వత్తులు పై అక్షరానికి మరీ దగ్గరైతే మధ్య కాగితం చిరుగుతుంది కాబట్టి వరుసల ఎడం, వత్తుల ఎడం మామూలుకంటే పెంచండి. వీలైతే వత్తులు తక్కువున్న మాటలే ఎంచుకోండి. ‘ద్రోహి’ కంటే ‘దొంగ’ కోయడం తేలిక.

ఇరవై ప్రతుల లోపైతే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అట్ట చాలు. అంతకు మించితే 0.19 మి.మీ. మైలార్ అనే ప్లాస్టిక్ షీట్ వాడండి. స్ప్రే డబ్బాను 15 నుంచి 20 సెం.మీ. దూరంలో పట్టుకుని పలచగా రెండు మూడు పూతలు వేయాలి. ఒకేసారి చిక్కగా కొడితే రంగు అంచు కిందికి పాకుతుంది. ఎక్కువ ప్రతులకు సన్నటి వలబట్ట గుండా రంగు నెట్టే స్క్రీన్ ప్రింటింగ్ మేలు. కాగితానికి 77టి నుంచి 90టి మెష్ (వలబట్ట) తీసుకోండి, అంకె సెంటీమీటరుకు ఎన్ని దారాలో చెబుతుంది. 43టి బట్టకు సరిపోతుంది, కాగితం మీద రంగు గుమ్మరిస్తుంది. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. రెండూ కలిసేచోట 1 మి.మీ. ఒకదాని మీద ఒకటి పడనివ్వండి, లేదంటే తెల్లగీత మిగులుతుంది.

బయటికి పంపే ముందు

1939లో బ్రిటన్ ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ పోస్టర్లను దాదాపు 25 లక్షలు అచ్చువేసింది, అతికించినవి మాత్రం చాలా తక్కువ. 2000లో ఒక పాత పుస్తకాల షాపులో ఒక ప్రతి బయటపడ్డాక అది కాఫీ కప్పుల మీదికెక్కింది. సందర్భం ఊడిపోతే పోస్టర్ ఎటైనా తిరుగుతుంది. మీ పోస్టర్‌ను ఫోన్‌లో కత్తిరించి, శీర్షిక, సంతకం లేకుండా చూడండి. అది మీరు ఎదిరిస్తున్న మాటనే మోస్తుంటే కుట్టు బొమ్మ అంచున ఉందన్నమాట. దాన్ని మధ్యకు, ముఖం మీదికో నినాదంలోకో జరపండి. కింద పెట్టే ‘ఇది కల్పితం’ అన్న చిన్నగీత మొదటి షేర్‌లోనే రాలిపోతుంది.

నిజమైన ప్రభుత్వ ముద్రలు, బతికున్నవాళ్ల ముఖాలు, గొంతులు వాడకండి. ఊహించిన ముద్రలోనే మీకు స్వేచ్ఛ ఎక్కువ. నిషిద్ధ చిహ్నాల విషయంలో, ప్రదర్శించే దేశపు చట్టం ముందే చూసుకోండి. జర్మనీలో శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ నాజీ చిహ్నాలను నిషేధిస్తుంది, కళకు మినహాయింపు ఉన్నా దాన్ని నిరూపించుకోవలసిన పరిస్థితి రావచ్చు.

ఆఖరిగా ముగ్గురికి ఏ పరిచయమూ లేకుండా ఇచ్చి ఒక్కటే అడగండి: ‘ఎక్కడిదాకా నమ్మారు?’ మొదటి నుంచీ నమ్మలేదంటే నినాదం బలహీనం, నాలుగు ప్రశ్నల కాగితం దగ్గరికి తిరిగి వెళ్లండి. చివరిదాకా నమ్మామంటే కుట్టు కనపడలేదు, ‘మేము’ను ఇంకాస్త ముందుకు తెండి. ముగ్గురూ వేర్వేరు పేజీలు చెబితే ఇక దిద్దకండి.