నర్సాపురం లేసు పువ్వు, మొదటిసారి అల్లేవాళ్ళకి

ఎంబ్రాయిడరీకి కింద గుడ్డ ఉండాలండి, లేసుకి అదీ అక్కర్లేదు, దారమే గుడ్డ అయిపోద్ది. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళల్లో వంట అయ్యాక అరుగుల మీద కూర్చుని ఆడవాళ్ళు అల్లేది ఈ క్రోషా లేసే. 1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడ నేర్పించారంటారు, 2024లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది.

మొదటిసారికి 10 నంబరు కాటన్ దారం, 1.75 ఎం.ఎం. స్టీలు క్రోషా సూది (కొసన కొక్కెం ఉండేది) తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం, 40 జోలికి ఇప్పుడే వద్దు. మనకి చెమట ఎక్కువ కదా, చేతులు కడిగి తుడుచుకుని కూర్చోండి, తెల్లదారం ఇట్టే మాసిపోద్ది. దారపుండని చెంబులో పడేస్తే దొర్లదు.

సూది మీద జారుముడి వేసి, దారాన్ని ఆ ఉచ్చులోంచి లాగితే ఒక చెయిన్. అలా 8 చెయిన్లు వేసి మొదటిదాంట్లో సూది గుచ్చి దారం లాగితే రింగు అయిపోద్ది. ఇప్పుడు 3 చెయిన్లు (ఇది ఒక డబుల్ కింద లెక్క), రింగులోనే ఇంకో 17 డబుల్స్, మొత్తం 18. డబుల్ అంటే సూదికి దారం ఒకసారి చుట్టి, రింగులోకి పోనిచ్చి లాగితే సూది మీద మూడు ఉచ్చులుంటాయి, వాటిని రెండేసి చొప్పున రెండుసార్లు దాటించడమే. చివర్న, మొదట వేసిన 3 చెయిన్లలో మూడోదానికి కలిపెయ్యండి. తర్వాత 5 చెయిన్లు వేసి, రెండు డబుల్స్ వదిలి మూడోదాంట్లో సింగిల్ (దారం చుట్టకుండా సూది గుచ్చి లాగి, ఆ రెండు ఉచ్చుల్నీ ఒకేసారి దాటించడం), ఇలా చుట్టూ తిరిగితే 6 తోరణాలొస్తాయి. ఒక్కో తోరణంలో ఒక సింగిల్, 7 డబుల్స్, ఒక సింగిల్ వేస్తే ఆరు రేకుల పువ్వు రెడీ. ఒకచోట బిగించి ఒకచోట వదిలేస్తే పువ్వు డొప్పలా ముడుచుకుపోద్ది, దారం ఎడమచేతి వేలికి చుట్టుకుని ఒకే లాగుడుతో లాగండి, మొదటి నాలుగైదు విప్పేసినా పర్లేదు.

పువ్వు అయిపోయాక ఎంతసేపు పట్టిందో టైం చూసుకోండి. టేబుల్ క్లాత్‌లో అలాంటివి ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి. మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు 1982లో మన లేసు ఆడవాళ్ళ మీద పుస్తకమే రాసింది, విదేశాలకి ఎగుమతయ్యే సరుకు అల్లుతున్నా వాళ్ళని ఖాళీ టైంలో ఏదో చేసుకునే గృహిణులనే లెక్కేశారని. నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తది. దయచేసి చేత్తో అల్లినదాన్ని బేరమాడకండి.

అసలు పనితనం అతుకుపనిలో ఉందండి. రెండో పువ్వు ఆఖరి రేకులో నాలుగో డబుల్ అయ్యాక సూదిని మొదటి పువ్వు రేకు నడిమధ్యలోకి గుచ్చి దారం లాగి, మిగతా మూడూ వెయ్యండి, కుట్టకుండానే అతుక్కుంటాయి. ఆఖర్న పల్చటి గంజిలో ముంచి, తువ్వాలు మీద రేకులు లాగి గుండుసూదులు గుచ్చి నీడలో ఆరెయ్యండి. ఎండలో వద్దు. సూదులు తుప్పు పట్టనివైతేనే గుచ్చండి, లేసు మీద తుప్పు మరక పడితే ఇక పోదు.