నోట్లో పెట్టుకునే బొమ్మ: పసిబిడ్డ కోసం చెక్క కడియం చేసే విధానం

పసిబిడ్డ చేతికి ఏది అందినా నేరుగా నోట్లోకే పోతుంది. అందువల్ల ఆరు నెలల బిడ్డకు చెక్కబొమ్మ చేయదలచుకున్నవారు దాని అందం గురించి ఆలోచించేముందు, అది గంటల తరబడి చొంగలో నానినా, చిగుళ్ళ కింద నలిగినా, నేలకేసి కొట్టినా పేడు లేవకుండా, ముక్క ఊడకుండా ఎలా ఉంటుందో ఆలోచించాలి. తొలి ప్రయత్నానికి ఒకే ముక్కలోంచి కోసే కడియం అనువైనది. అందులో అతుకులు, మేకులు, ఊడిపోయే చక్రాలు ఏవీ ఉండవు.

కలప ఎంపికలో తొందర పనికిరాదు. మేపుల్, బీచ్, బర్చ్ వంటి గట్టి కలపలో రంధ్రాలు చాలా సన్నగా ఉంటాయి కనుక నునుపు బాగా వస్తుంది. పైన్ మెత్తనిది, దానిపై సులువుగా గాట్లు పడి పెచ్చులు లేస్తాయి. గన్నేరు చెట్టులో ప్రతి భాగమూ విషమే కాబట్టి ఆ కర్రను దరిచేరనీయకూడదు. చెక్కపీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ వంటి పలకల జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పాత తలుపుల చెక్క ఎంత చేవ గలదైనా, దాని పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. ఏ చెట్టుదో, ఏ మందు పట్టించారో తెలియని కర్రను పిల్లల బొమ్మకు వాడకూడదన్నది నా నియమం.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది నార మీద, అంటే చెక్కలో పోగులు సాగే దిక్కు మీద. పలకలో నార ఒకే దిక్కుగా సాగుతుంది, కడియమేమో గుండ్రంగా తిరుగుతుంది. దానివల్ల ఎదురెదురుగా రెండుచోట్ల నార కడియానికి అడ్డంగా, పొట్టిగా తెగి ఉంటుంది. నా మొదటి కడియం వెడల్పు, అంటే లోపలి రంధ్రం అంచు నుంచి వెలుపలి అంచుదాకా, 10 మి.మీ. మాత్రమే. దాన్ని నారకు అడ్డదిక్కుగా రెండు చేతులా పట్టుకుని లాగితే సరిగ్గా ఆ రెండుచోట్లే, సుద్దముక్క విరిగినట్టు విరిగింది. అప్పటినుంచి వెలుపలి వ్యాసం 75 మి.మీ., కడియం వెడల్పు 16 మి.మీ., మందం 15 మి.మీ. తగ్గకుండా, ముడులు, పగుళ్ళు లేని ఆరిన పలకలోంచే కోస్తున్నాను. పలక పెద్దదిగా ఉన్నప్పుడే, దాన్ని బల్లకు బిగించి, లోపలి రంధ్రం ముందు కోసుకోవాలి. వెలుపలి గుండ్రం తర్వాత కోయవచ్చు.

ఆకురాయితో అంచులన్నీ గుండ్రంగా అరగదీసి, 120, 180, 240 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్దాలి. పొడి ఊపిరితిత్తులలోకి పోకుండా మాస్కు తప్పనిసరి. ఇక్కడితో ఆపితే పని సగమే అయినట్టు. కడియాన్ని తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే అణిగి ఉన్న పోగులన్నీ లేచి, అప్పటిదాకా నున్నగా ఉన్న చెక్క మళ్ళీ గరుకుగా తగులుతుంది. బిడ్డ చొంగ తగిలినా ఇదే జరుగుతుంది కనుక, ఆ పోగులను మన చేతిలోనే లేపి, 320 నంబరు కాగితంతో తీసేయాలి. పోగులు లేవడం ఆగేదాకా ఇలా రెండు మూడుసార్లు చేయాలి. చివరగా కడియం చుట్టూ దూది తిప్పి చూడాలి. ఎక్కడ దూది పీచు చిక్కుకుంటే అక్కడ ఇంకా పేడు ఉన్నట్టే.

పూత వేయకపోయినా తప్పులేదు. వేయదలిస్తే స్వచ్ఛమైన అవిసె నూనె, తేనెమైనం చాలు. అయితే ‘బాయిల్డ్’ అని రాసి ఉన్న అవిసె నూనెలో త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ వంటి లోహాల లవణాలు కలుపుతారు, అది వద్దు. కలపని నూనె పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది, అంతవరకు బొమ్మ ఇవ్వకూడదు. నూనె గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు కనుక ఆరుబయట పరిచి ఆరబెట్టాలి.

ఇచ్చేముందు పరీక్షించాలి. యూరప్ బొమ్మల ప్రమాణమైన ఈఎన్ 71 ప్రకారం మూడేళ్ళలోపు పిల్లల బొమ్మ గానీ, దాని నుంచి ఊడిన ముక్క గానీ 31.7 మి.మీ. వ్యాసం గల కొలగొట్టంలో పూర్తిగా ఇమిడిపోకూడదు. ఆ ప్రమాణంలోనే బొమ్మను 85 సెం.మీ. ఎత్తు నుంచి ఐదుసార్లు పడేసే పరీక్ష కూడా ఉంది. ఇంట్లో దాన్ని గట్టి నేల మీద చేసి, తర్వాత నారకు అడ్డదిక్కుగా బలంగా లాగి, మంచి వెలుతురులో సన్నగీతలకోసం వెతకాలి. కడియానికి తాడు కట్టకూడదు, అది మెడకు చుట్టుకోగలదు.

వాడకంలో తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి, నీళ్ళలో నానబెట్టకూడదు. వారానికొకసారి ఆ రెండు బలహీనమైన చోట్లను గోటితో తడిమి చూడాలి. అక్కడ గీత తగిలితే జిగురుతో అతికించే ప్రయత్నం చేయకుండా దాన్ని తీసేసి, మరొకటి కోయాలి.