కిల్లీక్రాంకీ వెళ్తున్నారా? నీటి అంచు బండల మీదికి దిగొద్దు

పరీక్షలు అయిపోయి, వాన కాస్త తెరిపివ్వగానే స్కాట్లాండ్‌లోని డండీ, గ్లాస్గో, ఎడిన్‌బరాల్లో చదువుకునే మన పిల్లలు కారు అద్దెకు తీసుకుని కోటలూ యుద్ధభూములూ చూడ్డానికి బయల్దేరతారు. 2024 ఏప్రిల్‌లో నలుగురు స్నేహితులు ఇలాగే పిట్లాక్రీ ఊరి దగ్గరి లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతానికి వెళ్ళారు. వాళ్ళలో ఇద్దరు నీళ్ళలో పడి చనిపోయారు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్ళే. జాకెట్, పవర్ బ్యాంక్ లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న కిల్లీక్రాంకీ కనుమ దగ్గర 1689లో యుద్ధం జరిగింది. ఓడిన ప్రభుత్వ సైనికుడొకడు ప్రాణభయంతో గ్యారీ నదిని ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి, దాదాపు ఐదున్నర మీటర్లు దూకి దాటాడని చెప్తారు. ఆ చోటు చూసి నది వెంట నడిస్తే గ్యారీ, టమ్మెల్ నదులు కలిసే ఆ లిన్ వస్తుంది. 1844లో విక్టోరియా రాణి వచ్చిన గుర్తుగా అక్కడొక రాతి స్తంభం ఉంది. అక్కడిదాకా అందరూ క్షేమంగానే వస్తారు. జలపాతం ఫొటోలో దగ్గరగా పడాలని కింది బండల మీదికి దిగుతారు చూడండి, అదీ తప్పు.

పీట్ నేలల (కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన నల్లటి మట్టి) మీదుగా వస్తుంది కాబట్టి ఆ నీరు డికాషన్ రంగులో ఉంటుంది. మోకాలి లోతో, రెండు నిలువుల లోతో కంటికి తెలీదు. బండ పైభాగం పొడిగానే కనిపిస్తుంది. తడి తగిలే అంచున మాత్రం నల్లటి పాచి పల్చగా పట్టి ఉంటుంది, దాని మీద ఎంత మంచి బూటైనా జారుతుంది. ఎగువన జలవిద్యుత్ డ్యామ్‌లు ఉన్నాయి, చుక్క వాన లేకపోయినా ప్రవాహం పెరగొచ్చు.

గోదావరి కాలవల్లో ఈదాం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. అంత చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరిచి ఊపిరి లాగేస్తాం. ఆ క్షణాన తల నీళ్ళలో ఉందంటే నీళ్ళే లోపలికి పోతాయి. ఈత సంగతి ఆ తర్వాత. అందుకే మళ్ళీ చెప్తున్నా, నీటి అంచు బండ మీదికి దిగొద్దు. ఫొటో కాలిబాట మీంచే తీసుకోండి.

ఎవరైనా పడితే వెనకే దూకొద్దు. దూకితే కాపాడాల్సినవాళ్ళు ఇద్దరవుతారు. "వెల్లకిలా తేలు" అని తెలుగులోనే గట్టిగా అరవండి. చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, చేతులు మెల్లగా ఆడిస్తూ ఉంటే నిమిషం, నిమిషంన్నరలో ఊపిరి అదుపులోకి వస్తుంది. ఈలోగా లైఫ్ రింగ్, కర్ర, ఏది దొరికితే అది విసరండి.

దారి విషయానికొస్తే, అక్కడికి వెళ్ళే ఎ9 రోడ్డు కొంత దూరం డబుల్, కొంత దూరం సింగిల్. మారేచోట ఓవర్‌టేక్ చేయొద్దు. ఒక్క రోజులో ఐదు కోటలు పెట్టుకుంటే చివరి రెండు గంటలూ డ్రైవర్ నిద్రమత్తులో నడుపుతాడు. రెండు చాలు.

ఇన్సూరెన్స్‌లో పేరు లేనివాళ్ళు స్టీరింగ్ పట్టుకోవద్దు.

బండి నడిపేవాళ్ళకి ఒక్క బీరు కూడా వద్దు. డ్రైవర్‌కి మద్యం పరిమితి స్కాట్లాండ్‌లో ఇంగ్లాండ్ కన్నా తక్కువ.

సముద్రపు కొండ మీదున్న డనాటర్ కోటకి గాలి ఎక్కువున్న రోజు వెళ్ళొద్దు. కొండ అంచుకి వీపు పెట్టి సెల్ఫీ దిగొద్దు.

ఎడిన్‌బరా దగ్గరి క్రామండ్ దీవికి నడిచే దారి సముద్రపు పోటు వస్తే మునిగిపోతుంది. బోర్డు మీద రాసిన సమయం దాటాక అడుగు పెట్టొద్దు. ఇరుక్కుంటే దీవి మీదే ఉండి ఫోన్ చేయండి.

మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా అత్యవసర నంబర్ 999 కొట్టండి, వేరే నెట్‌వర్క్ ఉంటే కలుస్తుంది. నది దగ్గరైతే ఫైర్ సర్వీస్‌ని, సముద్రం దగ్గరైతే కోస్ట్‌గార్డ్‌ని అడగండి.

మీ బ్యాచ్‌లో ఒకడు అప్పటికే బండ మీదికి దిగి, "రండ్రా, ఏం కాదు" అంటాడు. వెళ్ళొద్దు. ఫోన్ జేబులో పెట్టి, వాడు పైకి వచ్చేదాకా పిలుస్తూనే ఉండండి.