పాత ఫర్నిచర్ బాగుచేసి అమ్మడం: ఇద్దరు కలిసి చేసే పనికి ఒక పద్ధతి

పాత కుర్చీలు, బల్లలు, బీరువాలు కొని, బాగుచేసి, తిరిగి అమ్మే పనిని భార్యాభర్తలు ఇంటి దగ్గరే మొదలుపెట్టాలనుకుంటే, ముందుగా నేర్చుకోవలసింది పాలిష్ పట్టడం కాదు, ఏ వస్తువును వదిలేసి రావాలో తెలుసుకోవడం. ఈ పనిలో లాభనష్టాలు చాలావరకు కొనే చోటే తేలిపోతాయి. ఎంత తక్కువ పనితో ఒక వస్తువు మళ్లీ వాడకానికి పనికొస్తుందో అంచనా వేయగలిగినవారే దీనిలో నిలబడతారు. ప్రతి వస్తువునూ కొత్తదానిలా మెరిపించాలని చూసేవారు వారాల తరబడి శ్రమించి, చివరికి తమ కూలి కూడా గిట్టని ధరకు అమ్ముకోవలసి వస్తుంది.

అందువల్ల మేము పాటించే మొదటి నియమం ఇది: ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆ వస్తువు ఇంటికి రాదు, ఎందుకు వద్దన్నావని రెండోవారు అడగరు. నచ్చిన వస్తువు ఎదురుగా ఉన్నప్పుడు కారణాలు వెతుక్కోవడం మనసుకు చాలా తేలిక. ఎవరో ఒకరు ఆ మోజుకు బయట ఉండాలి.

వస్తువును పరీక్షించేటప్పుడు దానిని తలకిందులు చేసి చూడడం తప్పనిసరి. పైభాగం మీద పాలిష్ ఎన్నో లోపాలను కప్పేస్తుంది గాని, అడుగుభాగం, వెనుక పలక, సొరుగుల లోపలి గోడలు ఉన్నదున్నట్టు చెబుతాయి. బల్ల పైపలక అంచును దగ్గరగా చూస్తే అది దేనితో చేసినదో తెలుస్తుంది. గట్టి చెక్క అయితే పైన కనిపించే చారలు అంచు మీదుగా సహజంగా మలుపు తిరిగి కొనసాగుతాయి. ప్లైవుడ్ అయితే పొరలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు అయితే రవ్వరవ్వగా ఉంటుంది. ఈ చివరి రకం నీళ్లు తగిలి ఒకసారి ఉబ్బిందంటే మళ్లీ యథాస్థితికి రాదు కాబట్టి, ఎంత చవకగా ఇస్తామన్నా తీసుకోకూడదు.

కుర్చీ ఊగుతోందంటే భయపడనక్కరలేదు. అతుకు వదులైన కుర్చీని మళ్లీ బిగించవచ్చు, పైగా అమ్మేవారు అదే కారణంగా ధర తగ్గిస్తారు. భయపడవలసింది అతుకు దగ్గర చెక్కే అడ్డంగా విరిగిన కుర్చీని చూసి. అలాగే ఎవరైనా గతంలో అతుకులో మేకులు దిగగొట్టి ఉంటే, విప్పేటప్పుడు చెక్క చీలే ప్రమాదం ఉంటుందని లెక్కలో వేసుకోవాలి. సాధారణంగా భోజనపు కుర్చీ సీటు నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులోనూ, బల్ల 75 సెంటీమీటర్ల ఎత్తులోనూ ఉంటాయి. కొలిచినప్పుడు సీటు అంతకన్నా బాగా కిందికి ఉంటే, పుచ్చిపోయిన కాళ్ల చివరలను ఎవరో కోసేసి ఉండవచ్చు.

పుచ్చు విషయంలో తొందరపాటు పనికిరాదు. చెక్క మీద కనిపించే సన్నని గుండ్రటి రంధ్రాలు పురుగు లోపలికి వెళ్లిన దారులు కావు, ఎదిగి బయటికి వచ్చిన దారులు. కాబట్టి రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఇప్పుడు పురుగు ఉన్నట్టు కాదు, లేనట్టూ కాదు. వస్తువును నల్లటి కాగితం మీద నిలబెట్టి, గట్టిగా తట్టి, పాత పొడి అంతా దులిపేసి, మిగతా సామానుకు దూరంగా కొన్ని వారాలు ఉంచాలి. కాగితం మీద లేత రంగు పొడి మళ్లీ కుప్పగా రాలుతుంటే లోపల తినడం సాగుతోందన్నమాట. చిన్న వస్తువైతే గాలి చొరబడకుండా ప్లాస్టిక్‌లో చుట్టి, మైనస్ 18 డిగ్రీల చలిలో రెండు వారాలు ఉంచే పద్ధతి ఉంది. పెద్దవాటికి పురుగుమందు చికిత్స తెలిసినవారి చేతికే ఇవ్వడం మంచిది. కొన్ని జాతుల పురుగులు చెక్క లోపలే ఏళ్ల తరబడి ఉండిపోతాయి గనుక, అనుమానం తీరని వస్తువును గోదాములో తక్కినవాటి సరసన పెట్టడం మొత్తం సరుకును పణంగా పెట్టడమే.

వయసు గురించి అమ్మేవారు చెప్పే మాటలను స్క్రూలతో సరిచూసుకోవచ్చు. తలపై కూడిక గుర్తులాంటి గాడి ఉన్న స్క్రూలు 1930ల మధ్య నుంచే వాడుకలోకి వచ్చాయి. నూరేళ్ల కిందటిదని చెప్పిన బీరువాలో అవే ఉంటే, మధ్యలో మరమ్మతు జరిగి ఉండాలి, లేదా ఆ మాటలో నిజం లేకపోవాలి. సొరుగు మూలల్లో వేళ్లు పెనవేసినట్టుండే అతుకులు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటే అవి చేత్తో కోసినవని, అన్నీ అచ్చు గుద్దినట్టుంటే యంత్రం కోసినవని చాలావరకు అనుకోవచ్చు.

ఇంట్లో పని ఎలా పంచుకోవాలి

ఇద్దరి రోజును నడిపేది గడియారం కాదు, ఆరడానికి పట్టే సమయం. తెల్లటి చెక్క జిగురు గంటలోపే పట్టుకుంటుంది గాని, పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. నూనె పూతకు ఒక్కో పొరకూ మధ్య దాదాపు రోజంతా విరామం ఇవ్వాలి. లక్క పాలిష్ అయితే గంటలోపే ఆరి మరో పూతకు సిద్ధమవుతుంది. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని, జిగురు పనిని సాయంత్రానికి ఉంచితే రాత్రంతా అది తన పని చేసుకుంటుంది. ఉదయం క్లాంపులు (జిగురు ఆరేదాకా ముక్కలను ఒత్తి పట్టే బిగింపులు) విప్పి, ఆ వస్తువును పక్కన పెట్టి, వేరేదానిని అందుకోవచ్చు. ఒకే వస్తువును మొదటి నుంచి చివరి వరకు పట్టుకుని కూర్చుంటే సగం రోజు ఎదురుచూపులకే పోతుంది.

చెక్క రుద్దే పని, పాలిష్ పని ఒకే గదిలో ఒకే రోజు జరగకూడదు. దుమ్ము గాలిలో గంటల తరబడి తేలుతూ, తడి పూత మీద వాలుతుంది. స్థలం ఒకటే ఉన్నప్పుడు రోజులు పంచుకోవడమే మార్గం. ఇల్లే పనిస్థలమైనవారు పడకగదిలోకి, వంటగదిలోకి సామాను రానీయకూడదన్న హద్దును మొదటి రోజే పెట్టుకోవాలి. అది ఒకసారి చెరిగిపోయిందంటే తర్వాత గీయడం కష్టం.

ముందు కడగడం, తర్వాతే నిర్ణయం

పాలిష్ పాడైందని చాలామంది అనుకునేది నిజానికి ఏళ్ల నాటి మురికి. గాఢత లేని సబ్బునీటిలో గుడ్డను ముంచి, గట్టిగా పిండి, తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. జిడ్డు మిగిలితే టర్పెంటైన్ అద్దిన గుడ్డ వాడవచ్చు. ఈ దశలోనే కొన్ని వస్తువులు అమ్మకానికి సిద్ధమైపోతాయి, వాటిని అక్కడితో వదిలేయాలి.

ఆ తర్వాత, కనబడని చోట, ఉదాహరణకు కాలి లోపలివైపు, స్పిరిట్ (పాలిష్‌కు వాడే ఆల్కహాల్) అద్దిన దూదిని కాసేపు ఆనించి చూడాలి. పూత మెత్తబడి జిగటగా దూదికి అంటితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు కరగకుండా లక్కర్ థిన్నర్‌కు మాత్రమే కరిగితే లక్కర్, అంటే లక్కతో కాక రసాయనాలతో చేసిన పూత. రెండింటికీ లొంగకపోతే వార్నిష్ లేదా పాలియురెథేన్ జాతి పూత అయి ఉంటుంది. ఈ చిన్న పరీక్షకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, లక్క పాలిష్ మీద వేసే కొత్త పూత పాతదానిని కొద్దిగా కరిగించి దానిలో కలిసిపోతుంది. కాబట్టి పాతదానిని గీకి తీసే పనే ఉండదు. గ్లాసు పెట్టిన చోట తెల్లగా ఏర్పడే వలయం కూడా పూతలో చిక్కుకున్న తేమే తప్ప చెక్కకు తగిలిన దెబ్బ కాదు. లక్క పాలిష్ అయితే స్పిరిట్‌తో అతి కొద్దిగా తడిపిన గుడ్డను ఆగకుండా, తేలికగా లాగుతూ పోతే చాలాసార్లు అది మాయమవుతుంది. ఇక్కడ చెయ్యి ఆగితే గుడ్డ అక్కడే అంటుకుని పూత లేచిపోతుంది. లక్క పలుకులను స్పిరిట్‌లో నానబెట్టి సొంతంగా కలుపుకునేవారు అవసరమైనంతే కలుపుకోవాలి, నెలల తరబడి నిల్వ ఉన్నది సరిగా ఆరదు.

పాత పెయింటు సంగతి వేరు. అమెరికాలో ఇళ్లలో వాడే పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు. చాలా దేశాల్లో ఆంక్షలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. అందువల్ల వయసు తెలియని పెయింటులో సీసం ఉందనే భావించి పనిచేయాలి. దానిని పొడిగా రుద్దకూడదు, వేడిగాలి యంత్రంతో కాల్చకూడదు. సీసపు ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది గనుక, పిల్లలున్న ఇంట్లో ఈ పని చేయనే వద్దని మా అభిప్రాయం. పెయింటు గట్టిగా పట్టి ఉంటే తుడిచి దాని మీదే కొత్త పూత వేయడం, ఊడిపోతుంటే ఆ వస్తువును వదులుకోవడం మేలు.

వదులైన కుర్చీని బిగించడం

ఈ పనిని వివరంగా చెప్పడానికి కారణం ఉంది: ఇద్దరు ఉంటేనే ఇది సాఫీగా సాగుతుంది, అమ్మకాల్లో కుర్చీలే ఎక్కువ. విప్పడానికి ముందు ప్రతి ముక్కకూ, అది దిగే రంధ్రానికీ కాగితపు టేపు అంటించి ఒకే అంకె రాయాలి. ఒకేలా కనిపించే అడ్డకర్రలు చేతితో చేసిన కుర్చీలో ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఒకరు కాలిని పట్టుకుంటే, రెండోవారు గుడ్డ చుట్టిన చెక్క సుత్తితో అతుకు పక్కనే, చిన్న చిన్న దెబ్బలతో తట్టాలి. కదలకపోతే బలం పెంచకూడదు. పాత కుర్చీల్లో తరచుగా పశువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురు ఉంటుంది. గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డను అతుకు చుట్టూ కట్టి కొంతసేపు ఉంచితే అది మెత్తబడి తనంతట తానే వదులుతుంది.

విడిపోయాక పాత జిగురును పూర్తిగా గీకేయాలి, ఎందుకంటే ఆరిన పాత జిగురు మీద తెల్లటి జిగురు పట్టదు. అయితే గీకే ఉత్సాహంలో చెక్కనే తీసేస్తే అతుకు మరింత వదులవుతుంది. తర్వాత జిగురు లేకుండా ఒకసారి మొత్తం బిగించి చూడాలి. క్లాంపులు ఎక్కడ పడతాయో, ఏది ముందు దూర్చాలో అప్పుడే తేలాలి, జిగురు రాశాక ఆలోచించడానికి వ్యవధి ఉండదు. క్లాంపులు చాలకపోతే కాళ్ల చుట్టూ తాడును రెండు వరసలుగా కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పినా సరిపడా బిగుతు వస్తుంది. ఒకరు మెలితిప్పుతుండగా మరొకరు బయటికి ఉబికిన జిగురును తడిగుడ్డతో తుడిచేయాలి, లేకపోతే ఆ మచ్చ దగ్గర చెక్క రంగు పీల్చుకోదు. చివరగా కుర్చీని చదునైన నేల మీద నిలిపి, ఎదురుబొదురు మూలల మధ్య దూరాలు కొలవాలి. రెండు కొలతలూ సమానమైతే చట్రం వంకర లేనట్టే. స్క్రూ పట్టని రంధ్రంలో జిగురు రాసిన అగ్గిపుల్ల ముక్కలను దూర్చి, ఆరాక మళ్లీ బిగిస్తే పట్టు వస్తుంది. పేము అల్లిన సీటు తెగకుండా కేవలం జారి ఉంటే, అడుగువైపు వేడినీటి గుడ్డతో తడిపి ఆరబెడితే బిగుసుకుంటుంది.

రుద్దడం, పూత వేయడం

గరుకు కాగితం వాడవలసి వస్తే 120, 180, 220 నంబర్ల వరుసలో, చెక్క చార వెంబడే రుద్దాలి. అడ్డంగా పడిన గీతలు అప్పుడు కనబడవు, పాలిష్ పడగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దీపాన్ని ఉపరితలానికి ఏటవాలుగా, కిందికి పెట్టి చూస్తే ముందే దొరికిపోతాయి. పైన వెనీర్ (పలుచని చెక్క పొర) అంటించిన వస్తువుల మీద యంత్రంతో రుద్దడం వద్దు. చాలా వెనీర్లు మిల్లీమీటరు మందం కూడా ఉండవు, ఒక్క క్షణంలో కిందిపొర బయటపడుతుంది. బిగుసుకున్న సొరుగును చెక్కి సన్నం చేయడానికి ముందు, అది జారే అంచులకు కొవ్వొత్తి రుద్ది చూడాలి. తేమ కాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, అప్పుడు చెక్కిన సొరుగు పొడి కాలంలో గలగలలాడుతుంది.

అవిసెనూనె వంటి ఆరే నూనెలు తుడిచిన గుడ్డలను ఉండలా చుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుట్టి, గుడ్డకు దానంతట అదే నిప్పు అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి. రాత్రి పని ముగించేటప్పుడు ఈ పని ఎవరిదో ముందే నిర్ణయించుకోవాలి. ఇద్దరిదీ అనుకున్న పని ఎవరూ చేయరు.

లెక్క, ధర, అమ్మకం

ప్రతి వస్తువుకూ పుస్తకంలో ఒక పేజీ కేటాయించి, కొన్న ధర, రవాణా, సామగ్రి, ఇద్దరూ పెట్టిన గంటలు రాయాలి. గంటలు రాయడం చాలామంది మానేస్తారు, ఇంటివాళ్ల శ్రమే కదా అని. ఆ గంటలు లేని లెక్కలో బీరువాలు లాభంగా, కుర్చీలు నష్టంగా కనిపించవచ్చు, గంటలు చేర్చాక అది తలకిందులు కావచ్చు. కొనేవారికి చూపించే ముందే కనీస ధరను ఇద్దరూ ఒప్పుకుని, బేరం ఒక్కరే మాట్లాడాలి. కొనేవారి ఎదుట ఒకరు తగ్గించగా రెండోవారు ముఖం చిట్లించడం ఆ బేరానికీ, ఆ సాయంత్రానికీ మంచిది కాదు.

ఫొటోలను ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగులో తీయాలి. లోపాలను దగ్గరగా, పక్కన కొలత టేపు ఉంచి తీస్తే అనవసరమైన రాకపోకలు తగ్గుతాయి. ఏ భాగం అసలుది, ఏది మార్చినది, ఏ జిగురు, ఏ పూత వాడారో రాసి ఇవ్వాలి. నూరేళ్లు దాటాయని ఆధారం లేనప్పుడు పురాతన వస్తువు అనకుండా పాతది అనడం సరైనది. కొనేవారిని వారి ద్వారం వెడల్పు, మెట్ల మలుపు కొలిచి చెప్పమని డబ్బు తీసుకునే ముందే అడగాలి.

మోసేటప్పుడు బల్లను పైపలక పట్టుకుని ఎత్తకుండా, కింది చట్రం పట్టుకుని ఎత్తాలి. కుర్చీని చేతుల దగ్గర కాక సీటు కింది పట్టీ దగ్గర పట్టుకోవాలి. సొరుగులను తీసి విడిగా మోయాలి. వార్నిష్ చేతికి ఆరినట్టు తోచినా పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, అంతవరకు దాని మీద వేడి గిన్నెలు పెట్టవద్దని, ప్లాస్టిక్ గుడ్డ పరచవద్దని అప్పగించేటప్పుడు చెప్పి, అదే మాటను రసీదు వెనుక కూడా రాసి ఇవ్వాలి.